ఒక్క చుట్టుకు ఐదంగుళాలు

జూన్ 18, బుధవారం

టైరు కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ ఫోన్ నంబర్లు రాసుకోవడానికే పనికొచ్చింది. ఇవాళ కుదిరిన బేరం నచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ముదినేపల్లి నుంచి వెంకటకృష్ణారావు గారు టైర్లు మార్పించడానికి పికప్పు తెచ్చారు. చేపల మేత డీలరు ఆయన. నాలుగు సిలిండర్ల చిన్న బండి, రోజూ మేత బస్తాలు వేసుకుని చెరువు గట్ల మీద తిరగాలి. డ్రైవరు జక్కయ్య. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. నాకూ అంతే పరిచయం. వచ్చినప్పుడల్లా నా స్టూలు మీద కూర్చుని టీ తాగుతాడు, నా చేతులకు గ్రీజు అంటితే కడుక్కోవడానికి మగ్గులో కాస్త డీజిలు పోస్తాడు. మాట తక్కువ మనిషి.

"పాత సైజే వేసెయ్యండి భాయ్" అన్నాడు జక్కయ్య. పాత సైజంటే 195/80, పదిహేను రిమ్ము.

"గట్ల మీద దిగబడిపోతందండీ కరిముల్లా గారూ" అన్నారు రావు గారు. "వాన పడితే ట్రాక్టరు పెట్టి లాగించాల్సి వస్తంది. కాస్త వెడల్పు టైరు ఏదన్నా చూడండి."

నేను బండి చుట్టూ ఒకసారి తిరిగాను. టేపు తీయలేదు. నేను తీయనని ఆటోనగర్ అంతా తెలుసు. చక్రం పైనుండే రెక్క కింద అరచెయ్యి పెట్టి చూసి, "235/75 వేస్తా. రిమ్ము అదే. గట్టు మీద రోడ్డు మీద పోయినట్టు పోద్ది" అన్నాను.

"డోరు దగ్గర స్టిక్కరు మీద 195 అనే రాసుంది భాయ్" అన్నాడు జక్కయ్య.

"స్టిక్కరు అంటించినోడు ముదినేపల్లి గట్లు చూశాడంటావా?"

రావు గారు నవ్వారు. పక్క రేడియేటర్ షాపు హనుమయ్య నవ్వాడు. జక్కయ్య కూడా నవ్వాడు. నాలుగూ మార్చి పంపాను. స్టెప్నీ బాగానే ఉందని పాతదే ఉంచాను. ర్యాకు పైవరస ఖాళీ అయింది.

జూన్ 21, శనివారం

రావు గారు ఫోన్ చేశారు. మొన్నటి వానలో కూడా బండి ఎక్కడా ఆగలేదట. "మీ చెయ్యి మంచిదండీ" అన్నారు. ఆ మాట జమాల్ బీకి చెబితే, "ఆ చేత్తోనే కాస్త బియ్యం బస్తా లోపల పెట్టండి" అంది. నా పెళ్లాం ఎప్పుడూ ఇంతే.

జూలై 2, బుధవారం

జక్కయ్య వచ్చాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు రెక్క అంచుకు రాస్తోందట. లోపలి అంచును సుత్తితో కొట్టి వంచాను. పది నిమిషాల పని.

"బండి బరువుగా లాగుతంది భాయ్" అన్నాడు.

"కొత్త టైర్లు అట్టాగే ఉంటాయి. కాస్త అరిగితే సర్దుకుంటది."

"సరే భాయ్" అన్నాడు. సీటు కింద నుంచి సీసా తీసి నా మగ్గులో డీజిలు పోశాడు. చేతులు కడుక్కున్నాను, ఇద్దరం టీ తాగాము. కొట్టిన చోట రంగు లేచిపోయింది. ఎవరికీ కనపడదులే.

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ షాపులో గొడవ. గొడవ అని కాదు.

పదకొండు గంటలకు రావు గారు, జక్కయ్య కలిసి వచ్చారు. షాపులో ఇద్దరు లారీ ఓనర్లున్నారు. ఒకాయన కొత్త బండి కొన్నాడు, రెండో ఆయన అతనికి నన్ను చూపించి, "సైజు విషయంలో ఈయన చెప్పాక ఇంకెవర్నీ అడగక్కర్లేదు" అని చెబుతున్నాడు. సరిగ్గా ఆ సమయానికే వచ్చారు వీళ్లు.

రావు గారు చిన్న పుస్తకం తెరిచారు. "లీటరుకి పదమూడు ఇచ్చే బండండీ. నెలన్నర నించి పదకొండున్నర కూడా ఇవ్వట్లేదు. మెకానిక్కు మొత్తం ఊడదీసి చూశాడు, ఇంజన్లో ఏమీ లేదన్నాడు. నెలకి నలభై లీటర్లు ఎటు పోతున్నయ్యో తేలాలి. టైర్ల వల్ల ఏవన్నా తేడా వస్తదా? వస్తదంటే వస్తదనండి, నేను ఇంక ఎవర్నీ ఏమీ అనను."

జక్కయ్య ఆయన వెనక నుంచున్నాడు. స్టూలు ఖాళీగానే ఉంది, కూర్చోలేదు. "మీటరు కూడా తక్కువ తిరుగుతంది భాయ్" అన్నాడు. "ఇదివరకు రౌండేసి వస్తే నూట అరవై చూపించేది. ఇప్పుడు నూట యాభై ఒకటి. దారి అదే."

లారీ ఓనర్లిద్దరూ నా వంక చూస్తున్నారు.

"టైరు డీజిలు తాగుద్దా ఏంటండీ? టైరు తాగేది గాలి" అన్నాను.

అందరూ నవ్వారు. రావు గారు నవ్వలేదు. "మరి మీటరు?" అన్నారు.

"పాత బండేగా. మీటరు కేబులు అరిగి ఉంటది."

రావు గారు పుస్తకం మూసి జేబులో పెట్టుకుని జక్కయ్య వైపు తిరిగారు. జక్కయ్య నన్ను చూశాడు. కోపంగా కాదు. దారి అడిగినవాడు చెబుతారేమోనని చూస్తాడే, అలా చూశాడు. తర్వాత వెళ్లి బండెక్కాడు.

నాకు తెలిసింది చెప్పాను.

ఆగస్టు 5, మంగళవారం

నాకు తెలిసిందే చెప్పాను. ముప్ఫై ఏళ్లుగా టైర్లమ్ముతున్నాను, డీజిలు తాగిన టైరును చూడలేదు.

ఆగస్టు 9, శనివారం

హనుమయ్యది ముదినేపల్లి పక్క ఊరే. వరలక్ష్మీ వ్రతానికి వెళ్లి ఇవాళ వచ్చాడు. వస్తూనే నా షాపులోకొచ్చి కూర్చున్నాడు.

"మీ జక్కయ్యని తీసేశారు తెలుసా" అన్నాడు.

మొన్న గురువారం రావు గారి మేత కొట్టు ముందు ఐదారుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారట. పళ్లెంలో కర్పూరం వెలిగించి జక్కయ్య ముందు పెట్టారు. "అరచేత్తో ఆర్పి, ఈ బండిలోంచి చుక్క డీజిలు కూడా తియ్యలేదని ప్రమాణం చెయ్యి. చేస్తే ఈ మాట ఇక్కడితో వదిలేస్తా" అన్నారట రావు గారు. జక్కయ్య చెయ్యి చాపాడు. కర్పూరం దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకున్నాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"'చుక్క కూడా అంటే చెప్పలేనండీ' అన్నాడంట. అంతే. ఇంకో మాట లేదు. తాళాలు అరుగు మీద పెట్టి నడిచి వెళ్లిపోయాడు."

నిప్పు లేనిదే పొగ రాదు. తీయనివాడైతే చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకుంటాడు? పదకొండేళ్లుగా తెలిసిన మనిషి కదా అని నేనే ఏదో అనుకున్నాను. మనిషిని నమ్మడానికి లేదు ఈ రోజుల్లో. నాలుగు రోజుల నుంచి అన్నం దగ్గర కూర్చోబుద్ధి కావడం లేదు, ఇవాళ బాగా సహించింది. రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

హనుమయ్య చెప్పింది జమాల్ బీకి చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది. విని, "పదకొండేళ్లు తియ్యనివాడు మొన్న జూన్ నించే ఎందుకు తీస్తాడండీ? జూన్‌లో ఏం మారింది?" అంది.

నేను అరిచాను. షాపు సంగతులు నీకెందుకన్నాను. ఆమె చింతపండు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఆమె టైర్ల గురించి అనలేదు. నేనే భుజాలు తడుముకున్నాను.

ఆగస్టు 14, గురువారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

వినాయక చవితి ఎప్పుడో చూద్దామని ఈ డైరీ ముందు పేజీలు తిప్పాను. సెలవుల పట్టిక వెనకే ఇంకో పట్టికుంది. అన్ని టైరు సైజులూ వరసగా ఉన్నాయి. ఏ సైజుకు ఏ రిమ్ము, ఎంత బరువు మోస్తుంది, ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుంది. జనవరి నుంచి నా బల్ల మీదే ఉంది. ఏటా ఇచ్చే డైరీలో ఏటా ఉంటుంది. మా నాన్న అబ్దుల్లా అయితే షాపు గోడకు అంటించుకునేవాడు. "బండి చేసినోడు వెర్రోడు కాదురా, వాడు రాసిందే వెయ్యి" అనేవాడు. ఆయన పోయాక గోడకు సున్నం వేయించినప్పుడు ఆ కాగితం పీకేశాను.

195/80 ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పద్దెనిమిది సెంటీమీటర్లు. 235/75 రెండు మీటర్ల ముప్ఫై.

పట్టిక అబద్ధమేమో చూద్దామనుకున్నాను. రిమ్ముకు ఎక్కించిన 195 ఒకటుంది. అంచు మీద సుద్దతో గీత గీసి, నేల మీద గీత గీసి, ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలిచాను. షాపులో నేను టేపు పట్టడం చూసి హనుమయ్య ఏంటని కేకేశాడు. ఏం లేదన్నాను. రెండు మీటర్ల పద్దెనిమిది. వెంట్రుకవాసి తేడా లేదు.

మీటరుకు రోడ్డు తెలీదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదే తెలుసు. ఒక్కో చుట్టుకు బండి ఐదంగుళాలు ఎక్కువ పోతోంది, ఆ ఐదంగుళాలు మీటరు లెక్కలోకి రావడం లేదు. నూట అరవై కిలోమీటర్ల రౌండుకు ఎంత చూపించాలో కాగితం మీద వేశాను. మూడుసార్లు వేశాను.

నూట యాభై ఒకటి.

జక్కయ్య నోటి లెక్కన చెప్పింది కూడా నూట యాభై ఒకటే.

ఆ నలభై లీటర్లలో సగం ఎక్కడికీ పోలేదు. తిరిగిన దూరం మీటర్లో పడకపోవడంతో డీజిలు పోయినట్టు కనపడింది, అంతే. మిగతా సగం ఆ బరువు టైర్లను లాగడానికి ఇంజను నిజంగానే తాగింది. అంటే టైరు తాగింది. నేను నలుగురిలో నవ్వించిన మాట అదే. పైగా ఆ సన్నపు రిమ్ముకు 235 వేయకూడదని కూడా అదే వరసలో ఉంది.

ఆగస్టు 15, శుక్రవారం

షాపు సెలవు. పిల్లలు చొక్కాలకు జెండాలు గుచ్చుకుని స్కూలుకు పోతున్నారు. గుడివాడ బస్సెక్కితే మధ్యాహ్నానికి ముదినేపల్లిలో ఉండొచ్చు. సెలవు రోజు బస్సులు కిటకిటలాడతాయి.

ఆగస్టు 16, శనివారం

రేపు వెళ్తాను.

ఆగస్టు 18, సోమవారం

నిన్న వాన.

ఆగస్టు 19, మంగళవారం

ఫోన్లో చెబితే సరిపోతుందనుకున్నాను. రావు గారికి చేశాను. ఎత్తగానే "చెప్పండి కరిముల్లా గారూ" అన్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట, "టైర్లు ఎట్టా ఉన్నాయండీ?"

"టైర్లకేం, దివ్యంగా ఉన్నయ్యి. మనుషులే బాలేదు" అన్నారు. "కొత్త డ్రైవర్ని పెట్టానా? వీడూ పదకొండున్నరేనండీ. వచ్చి వారం తిరక్కముందే మొదలెట్టాడు. ఈ డ్రైవర్లంతా ఒకటేనండీ. వీణ్ణి కూడా కూర్చోబెట్టాలి."

"అవునా" అన్నాను. పెట్టేశాను.

అవునా. యాభై నాలుగేళ్లవాణ్ణి, మక్కా పోవాలని అనుకుంటున్నవాణ్ణి, రెండో మనిషికి కూడా కర్పూరం వెలిగించబోతుంటే "అవునా" అన్నాను.

ఇంకోటి కూడా రాయాలి. ఎవరూ చదవని పుస్తకానికి కూడా అబద్ధం చెబితే ఇంక నేను మనిషినే కాదు. గట్ల కోసం 235 వేయలేదు నేను. నిరుడు ఒక జీపాయన చెప్పాడని నాలుగు తెప్పిస్తే ఆయన తీసుకోలేదు. ఏడాది ర్యాకు పైవరసలో పడున్నాయి. ఎవరికి అంటగడదామా అని చూస్తున్నాను. రావు గారు వెడల్పు టైరు అనగానే నా కళ్లు ముందు ర్యాకు మీదికే పోయాయి. రెక్క కింద చెయ్యి పెట్టి చూడటం ఆ తర్వాత చేసిన వేషం. గట్టు కోసమే అయితే కాస్త వెడల్పు 215 వేసినా సరిపోయేది, అది ఆ రోజు నా దగ్గర లేదు. తెప్పిస్తే మర్నాటికి వచ్చేది.

రావు గారు నన్ను మోసగాడనలేదు. జక్కయ్య అనలేదు. అనాల్సినవాళ్లు అనకపోతే వాతలు ఇంకా ఎక్కువ తేలతాయి.

ఆగస్టు 21, గురువారం

ఒక టాటా బండికి చక్రం బేరింగులు మార్చాను. మోచేతుల దాకా గ్రీజు. మగ్గు అందుకుని అలవాటుగా బల్ల కింద వెతికితే సీసా దొరికింది. అర లీటరు కూల్‌డ్రింకు సీసా, మూతకు నీలం టేపు చుట్టి ఉంది. జక్కయ్యది. ఎప్పుడో మరిచిపోయి వదిలేసి వెళ్లాడు. అడుగున రెండు వేళ్ల డీజిలుంది.

మగ్గులో వంపుతుంటే తెలిసింది.

ఈ డీజిలు ఎక్కడిది? రావు గారి బండి ట్యాంకులోది. పదకొండేళ్లుగా, వచ్చినప్పుడల్లా, నా చేతులు కడగడానికి. తనంతట తను ఎప్పుడూ పోయలేదు. "జక్కయ్యా, కాస్త పొయ్యవయ్యా" అని నేనే మగ్గు చాపేవాణ్ణి.

"చుక్క కూడా అంటే చెప్పలేనండీ."

వాడు చెయ్యి వెనక్కి తీసుకుంది అందుకు. కర్పూరం ముందు నుంచున్నప్పుడు ఈ సీసా గుర్తొచ్చి ఉంటుంది. నా మగ్గు గుర్తొచ్చి ఉంటుంది. నలభై లీటర్లు తియ్యలేదని ప్రమాణం చెయ్యమంటే చేసేవాడే. చుక్క అన్నారు. దేవుడి ముందు అబద్ధం ఆడలేకపోయాడు. ఫలానా కరిముల్లాకు పోశానని నా పేరూ చెప్పలేదు. ఆ కబురు విని నేనేం చేశాను? పులుసు అడిగి వేయించుకున్నాను.

డీజిలు తిరిగి సీసాలో పోసి మూత పెట్టాను. చేతులు అలాగే ఉంచుకున్నాను.

ఆగస్టు 22, శుక్రవారం

జుమ్మాకు వెళ్లాను. నమాజుకు ముందు చేతులు కడుక్కుని వజూ చేస్తుంటే పక్కాయన నా చేతుల వంక చూశాడు. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

ఇంటికొచ్చి మొత్తం జమాల్ బీకి చెప్పాను. పట్టిక, మీటరు, ర్యాకు, సీసా, పులుసు కూడా. అంతా అయ్యాక, "నాకు చెబుతున్నారేంటి? చెప్పాల్సింది నాకా?" అంది.

సిగ్గుగా ఉంది. ఇంతకంటే గొప్ప మాటేం లేదు రాయడానికి. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

వెళ్లాను.

పొద్దున ఏడింటి బస్సు. సంచిలో టేపు, సుద్దముక్క, ఈ డైరీ, ఆ సీసా. గుడివాడలో మారి పదింటికల్లా ముదినేపల్లి చేరాను. రావు గారి మేత కొట్టు ముందు పికప్పు ఆగి ఉంది. నా టైర్లు దూరం నుంచే కనపడ్డాయి.

"ఏంటండీ, ఇంత దూరం వచ్చారు? ఫోను చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా" అంటూ కుర్చీ వేయించారు. కూర్చోలేదు.

"రావు గారూ, తప్పు నాది. బండి స్టెప్నీ దింపించండి" అన్నాను.

కొత్త డ్రైవరు దింపాడు. స్టెప్నీ పాత సైజే కదా. దాన్ని వెనక టైరు పక్కన నిలబెడితేనే తెలిసిపోయింది, రెండు వేళ్ల మందం పొట్టిగా ఉంది. అయినా సుద్దతో గీత గీసి సిమెంటు మీద ఒక చుట్టు దొర్లించాను. తర్వాత బండిని నెట్టించి వెనక చక్రం ఒక చుట్టు. రెండు గీతల మధ్యా టేపు పెట్టి, "చదవండి" అన్నాను. ఆయన వంగి చదివారు. ఐదంగుళాలు. మేత కోసం వచ్చిన రైతులు నలుగురు చుట్టూ చేరారు. అందరి ముందే చెప్పాను, మీటరు ఎందుకు తగ్గిందో, డీజిలు ఎటు పోయిందో. టైర్లు అమ్ముడుపోక మీకు అంటగట్టానని కూడా చెప్పాను.

రావు గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"జక్కయ్య కూడా ఇట్టాగే చూపించాడండీ" అన్నారు. "మీ షాపు కాడ మీరు కాదన్నారు చూడండి, దాని మర్నాడు. తాడు తెచ్చి, ఇక్కడే, ఈ సిమెంటు మీదే కొలిచి చూపించాడు. నేనే తిట్టా. అంత పెద్దాయన టైరు తాగదని చెప్తంటే నీకు ఎక్కువ తెలుసా అని."

జక్కయ్య నిజం కనుక్కున్నాడు, నిజం చూపించాడు. నా ఒక్క మాట ఆ తాడు మీద పడి తెంపేసింది.

"మరి ప్రమాణం ఎందుకు చెయ్యలేదు?" అన్నారు రావు గారు, తనలో తనే అడుగుతున్నట్టు.

సంచిలోంచి సీసా తీసి అరుగు మీద పెట్టాను. అది దేనికో చెప్పాను. ఆయన దాని వంక చూసి, "ఇదేగదా... ఇదే చెప్పి ఉంటే పోయేదిగా" అన్నారు. సీసా చేతిలోకి తీసుకుని, "నేనే చుక్క కూడా అన్నాను. నలభై లీటర్లు అనాల్సింది" అన్నారు.

జక్కయ్య మండవల్లి దగ్గర ఒక చెరువులో వల లాగే కూలికి పోతున్నాడట. అదే బండిలో వెళ్లాము. నడుముల్లోతు నీళ్లలో పదిహేను మంది వల పట్టుకుని గట్టు వైపు వస్తున్నారు. జక్కయ్య ఆ చివరున్నాడు. నన్ను చూశాడు, రావు గారిని చూశాడు, వల వదల్లేదు.

గట్టు మీద నుంచే గట్టిగా చెప్పాను. "జక్కయ్యా, టైరుదే తప్పు. నాదే తప్పు. రావు గారికి అంతా చెప్పాను."

నీళ్లలో వాళ్లంతా తలలు తిప్పారు. జక్కయ్య అన్నాడు, "వల సగంలో ఉంది భాయ్. అయ్యాక వస్తా."

గంటన్నర గట్టు మీద కూర్చున్నాము. రావు గారూ నేనూ పక్కపక్కనే. ఎండ మాడు పగలగొట్టింది. చేపలు ట్రేలకెత్తి, ఐసు వేసి, లారీకెక్కించాక జక్కయ్య పైకొచ్చాడు. బురద నీళ్లు కారుతున్నాయి. రావు గారు తాళాలు ముందుకు చాపి, "రా జక్కయ్యా. నేనూ తొందరపడ్డా" అన్నారు.

జక్కయ్య తాళాలు తీసుకోలేదు. "ముందు పాత సైజు వేయించండి. అప్పుడొస్తా" అన్నాడు.

ఆ అబ్బాయి, కొత్త డ్రైవరు, తన సంగతేంటని అడగలేదు. రావు గారే రెండో బండి మీద పెట్టుకుంటానని చెప్పారు. వాడు పెద్దగా ఊపిరి వదిలాడు. వాడి భయం నాకు అప్పుడు తెలిసింది.

ఆగస్టు 26, మంగళవారం

రేపు చవితి. వీధి చివర పందిరి వేస్తున్నారు, మైకు పొద్దున్నుంచీ ఆగలేదు.

తొమ్మిదింటికి రావు గారూ జక్కయ్యా బండి తెచ్చారు. ముందు డోరు తీసి స్టిక్కరు చదివాను. 195/80, పదిహేను. అదే వేశాను, నాలుగూ కొత్తవి. రావు గారు డబ్బు తీయబోతే, "నా పరువు ఇంకా తియ్యకండి" అన్నాను. ఆయన జేబులో పెట్టేసుకున్నారు. 235లు నాలుగూ మళ్లీ ర్యాకు పైవరసలోకి ఎక్కాయి. జూలైలో నేను కొట్టి వంచిన రెక్క అంచును సరిచేద్దామని చూశాను. కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. ఆ రోజు టైరు పట్టకపోతే బండిని కొట్టాను కదా, సొట్ట ఉండిపోయింది.

హనుమయ్య వచ్చి, "మళ్లీ చిన్నవెందుకు వేస్తున్నావ్?" అని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు, తన షాపులోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఆటోనగర్ అంతా తెలిసి ఉంటుంది. తెలియనీ.

పనయ్యేసరికి చేతులు నల్లగా ఉన్నాయి. నేను కావాలని చేయలేదు, పదకొండేళ్ల అలవాటు. మగ్గు తీసి జక్కయ్య వైపు చాపాను. చాపాక తెలిసింది ఏం చేశానో. చెయ్యి వెనక్కి రాలేదు, అలాగే ఉండిపోయింది.

జక్కయ్య బండి దగ్గరికి వెళ్లి సీటు కింద చెయ్యి పెట్టాడు. కాగితంలో చుట్టిన బట్టల సబ్బు తెచ్చాడు. మగ్గులో పెట్టాడు.

"ఇక నించి ఇదే భాయ్" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. స్టూలు చూపించి టీ తెప్పిస్తానన్నాను. "రౌండుకి టైమైంది భాయ్, మళ్లీ ఎప్పుడన్నా" అన్నాడు. బండి తిప్పాడు. స్టీరింగు పూర్తిగా తిప్పినా ఎక్కడా రాయలేదు.

సాయంత్రం రావు గారు ఫోన్ చేశారు. రౌండు నూట అరవై చూపించిందట.

కుళాయి కింద ఆ సబ్బుతో అరగంట రుద్దాను. గ్రీజు సబ్బుకు లొంగదు. ఇంటికొచ్చాక జమాల్ బీ కొబ్బరినూనె రాసి రుద్దింది, బూడిద పెట్టి రుద్దింది, ఇక లాభం లేదని వదిలేసింది. ఇవాళ అన్నం చెంచాతో తిన్నాను.